ఒక్క ఫారం, పదకొండు కాలేజీలు: ఎయిడ్ దరఖాస్తుపై మీ ప్రశ్నలు

పిల్లలు హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉన్న తల్లిదండ్రులు కాలేజీ ఆర్థిక సాయం గురించి అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నాం. ఒక ప్రశ్న తప్ప మిగతావన్నీ అమెరికాలోని తెలుగు కుటుంబాలవి. 2026 శరదృతువులో కాలేజీలో చేరేవారికి, అంటే 2026–27 విద్యా సంవత్సరానికి వర్తించే నిబంధనలివి.

ప్రశ్న: మా అమ్మాయి పదకొండు కాలేజీలకు అప్లై చేస్తోంది. ఎయిడ్ కోసం ఒక్కోదానికీ విడిగా దరఖాస్తు చేయాలా? మిగతా కాలేజీల పేర్లు చూసి ఏదైనా కాలేజీ సీటు నిరాకరిస్తుందా? ఏ వరుసలో రాయాలి? (ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ)

ఫెడరల్ సాయానికి, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ సాయానికి, ఫాఫ్సా ఒక్కటే ఫారం. స్టూడెంట్ ఎయిడ్ డాట్ గవ్‌లో ఉచితంగా నింపాలి. ఫీజు అడిగే సైటు ఏదైనా సరే, అది ప్రభుత్వానిది కాదు. ఒక ఫారంలో 20 కాలేజీల వరకు చేర్చవచ్చు కాబట్టి మీ పదకొండూ పడతాయి. సీటు వచ్చాక చేరుద్దామని మాత్రం ఆగకండి. సీటు కబురు మార్చిలో వస్తుంది. అప్పటికి చాలా కాలేజీల ఎయిడ్ గడువు దాటిపోయి ఉంటుంది. అప్లై చేసినవీ, చేయబోయేవీ అన్నీ ఇప్పుడే చేర్చేయండి. వద్దనుకున్నదాన్ని తర్వాత తీసేయడం తేలిక.

ప్రతి కాలేజీకీ ఆరు అక్షరాల ఫెడరల్ కోడ్ ఉంటుంది. ఒకే యూనివర్సిటీకి మూడు నాలుగు క్యాంపస్‌లుంటే కోడ్‌లు వేరువేరుగా ఉండొచ్చు. పేరు చూసి ఎంచుకుని ఊరు చూడకపోతే, మీ వివరాలు మీ అమ్మాయి అప్లై చేయని క్యాంపస్‌కు వెళ్లి కూర్చుంటాయి. అసలు క్యాంపస్ వాళ్లు మీకు ఎయిడ్ అవసరం లేదనుకుంటారు. ఫారం పంపాక వచ్చే సబ్మిషన్ సమ్మరీలో ఊరి పేరుతో సహా ఒక్కో కాలేజీనీ సరిచూసుకోండి.

ఒక కాలేజీకి మరో కాలేజీ పేరు కనిపించదు. 2016–17 నుంచి ఆ జాబితాను కాలేజీలకు పంపడం మానేశారు. వరుస కూడా ఫెడరల్ సాయానికి లెక్కలోకి రాదు. అయితే సొంత రాష్ట్రపు కాలేజీని మొదట రాస్తేనే రాష్ట్ర గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని సాయం) పరిశీలిస్తామనే రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. న్యూజెర్సీ కాలేజీలను పైన రాస్తే మీకు పోయేదేమీ లేదు. మీ రాష్ట్ర ఎయిడ్ సంస్థ హెచ్‌ఈఎస్‌ఏఏ ఫాఫ్సా తర్వాత మరికొన్ని ప్రశ్నలు అడుగుతుంది. వాటికి ఆ సంస్థ సైటులో జవాబివ్వకపోతే రాష్ట్ర గ్రాంటు ఆగిపోతుంది. చాలామంది ఫాఫ్సాతో పని అయిపోయిందనుకుని ఈ మెట్టు దగ్గరే జారిపోతున్నారు.

ఇక రెండో ఫారం సీఎస్‌ఎస్ ప్రొఫైల్. కాలేజ్ బోర్డు నడుపుతుంది. రెండు వందలకు పైగా కాలేజీలు, ఎక్కువగా ప్రైవేటువి, తమ సొంత నిధుల నుంచి ఎంత ఇవ్వాలో దీన్ని చూసి నిర్ణయిస్తాయి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 16. ఐదు కాలేజీలైతే 89 డాలర్లు. కుటుంబ ఆదాయం లక్ష డాలర్ల లోపు ఉంటే ఫీజు లేదు. దీని కోడ్‌లు వేరు, ఫాఫ్సా కోడ్ ఇక్కడ పనికిరాదు. ఇది పంపాక పన్ను రిటర్నులు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతపు పత్రాలు) ఐడాక్ అనే చోట అప్‌లోడ్ చేయమంటారు. ఐడాక్‌లో ఒకసారి పెడితే అందులో ఉన్న కాలేజీలన్నిటికీ చేరతాయి. కొన్ని కాలేజీలు మాత్రం తమ పోర్టల్‌లోనే పెట్టమంటాయి. రెండు చోట్లా చూడాల్సిందే.

కాబట్టి పదకొండు వరుసల పట్టిక ఒకటి వేసుకోండి. ప్రతి వరుసలో కాలేజీ పేరు, ఫాఫ్సా గడువు, సీఎస్‌ఎస్ కావాలా, కావాలంటే దాని గడువు, ఐడాకా సొంత పోర్టలా, మెరిట్ స్కాలర్‌షిప్‌కు వేరే దరఖాస్తు ఉందా అన్నవి రాయండి. ఈ తేదీలు కాలేజీ ఎయిడ్ ఆఫీసు పేజీలో ఉంటాయి, అడ్మిషన్ల పేజీలో ఒక్కోసారి ఉండవు. పదకొండు తేదీల్లో అన్నిటికంటే ముందున్నదే మీ గడువు. దానికి రెండు వారాల ముందే ఫారాలు పూర్తిచేయండి.

ప్రశ్న: భార్యాభర్తలం ఇద్దరం హెచ్-1బీ. పెద్దబ్బాయి గుంటూరులో పుట్టాడు, హెచ్-4లో ఉన్నాడు, ఇప్పుడు ట్వెల్త్ గ్రేడ్. చిన్నది ఇక్కడే పుట్టింది. మా వీసా వల్ల ఇద్దరికీ ఎయిడ్ రాదని తెలిసినవాళ్లు అంటున్నారు. (ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్)

సగం నిజం, సగం తప్పు. ఆ తప్పు సగం వల్ల అమెరికాలో పుట్టిన పిల్లలు కూడా తమకు రావాల్సిన సాయాన్ని అడక్కుండా వదులుకుంటున్నారు, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాం.

ఫాఫ్సా చూసేది విద్యార్థి హోదాను, తల్లిదండ్రుల హోదాను కాదు. మీ అమ్మాయి అమెరికా పౌరురాలు కనుక, ఆమె సమయం వచ్చినప్పుడు మీరు హెచ్-1బీలో ఉన్నా మామూలుగా ఫాఫ్సా నింపవచ్చు. పెల్ గ్రాంట్ (ఫెడరల్ గ్రాంటు), స్టూడెంట్ లోన్, వర్క్‌స్టడీ (చదువుతూ చేసే జీతపు పని) అన్నిటికీ ఆమెను పరిశీలిస్తారు. తేడా ఒక్క చోటే. పేరెంట్ ప్లస్ లోన్, అంటే తల్లిదండ్రుల పేరున ఇచ్చే ఫెడరల్ అప్పు, తీసుకునే తల్లి లేదా తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్-1బీలో ఉన్న మీకు ఆ లోన్ దొరకదు. ఎంత సాయం వస్తుందో కాలేజీ తెలిపే అవార్డు లెటర్ దేనిలోనైనా అది మీ పేరున కనిపిస్తే ఆ అంకెను కొట్టేసి లెక్క వేసుకోండి.

పెద్దబ్బాయి విషయం వేరు. హెచ్-4 విద్యార్థికి ఫెడరల్ సాయం లేదు. గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగులో ఉన్నా, చేతిలో ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్నా అర్హత రాదు. ఫారంలో 'ఎలిజిబుల్ నాన్‌సిటిజన్' అన్నది మనకే అనుకుని టిక్ పెట్టకండి. ఆ సమాధానాన్ని హోంల్యాండ్ సెక్యూరిటీ రికార్డులతో సరిపోలుస్తారు. చదువు మధ్యలో గ్రీన్‌కార్డు చేతికొస్తే ఆ రోజే ఫాఫ్సా నింపండి. 2026–27 ఫారానికి 2027 జూన్ 30 వరకు గడువుంది.

ఫెడరల్ తలుపు మూసుకున్నంత మాత్రాన మిగతావి మూసుకోలేదు. మొదటిది ఇన్-స్టేట్ ఫీజు, అంటే ఆ రాష్ట్ర నివాసులకుండే తక్కువ ఫీజు. టెక్సస్‌లో హెచ్-1బీ, హెచ్-4 కుటుంబాలు కూడా రెసిడెన్సీకి అర్హమైనవే. అప్లికేషన్‌లోని రెసిడెన్సీ ప్రశ్నలకు తొందరపడి 'ఇంటర్నేషనల్' అని జవాబిచ్చి బయటి రాష్ట్రపు ఫీజు కట్టేవాళ్లున్నారు. ఆ ప్రశ్నలు చదివి నింపండి, లీజు, పన్ను రిటర్నులు, స్కూలు రికార్డులు దగ్గర పెట్టుకోండి. రెండోది రాష్ట్ర సాయం. టెక్సస్ రెసిడెంట్‌గా గుర్తింపు ఉండీ ఫాఫ్సాకు అర్హత లేనివారి కోసం టాస్ఫా అనే ఫారం ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ప్రాధాన్య గడువు జనవరి 15. (వాషింగ్టన్‌లో ఇలాంటిదే వాస్ఫా.)

మూడోది ప్రైవేటు కాలేజీల సొంత డబ్బు. ఇక్కడ కాలేజీకీ కాలేజీకీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. హెచ్-4 పిల్లల్ని చాలా ప్రైవేటు కాలేజీలు ఎయిడ్ కోసం అంతర్జాతీయ విద్యార్థుల జాబితాలో వేస్తాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ వంటి కొన్ని కాలేజీలు మాత్రం అంతర్జాతీయ విద్యార్థి ఎయిడ్ అడిగాడా లేదా అన్నది చూడకుండానే సీటు నిర్ణయిస్తాయి, సీటిస్తే అవసరం మేరకు పూర్తిగా సాయం చేస్తాయి. మిగతా చాలాచోట్ల ఎయిడ్ అడగడం సీటు నిర్ణయంపై ప్రభావం చూపుతుంది. అందుకని జాబితాలోని ప్రతి కాలేజీ ఎయిడ్ ఆఫీసుకూ ఒకే ఇమెయిల్ పంపండి: 'మా అబ్బాయి హెచ్-4, ఫలానా రాష్ట్రంలో ఫలానా ఏడాది నుంచి చదువుతున్నాడు. ఎయిడ్ విషయంలో మీరు అతన్ని ఏ వర్గంలో చూస్తారు? ఏ ఫారం కావాలి? అడిగితే అడ్మిషన్‌పై ప్రభావం ఉంటుందా?' జవాబును రాతపూర్వకంగా దాచుకోండి. ఫోన్లో విన్నమాట ఏప్రిల్‌లో పనికిరాదు.

ఇంకొక్క జాగ్రత్త. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే కొన్ని రాష్ట్రాల్లో ఇన్-స్టేట్ ఫీజు కొనసాగుతుంది, కొన్నిచోట్ల కొనసాగదు. నాలుగేళ్ల ఖర్చు వేసేటప్పుడు మూడో ఏడాదో నాలుగో ఏడాదో ఈ మలుపు వస్తుందని గుర్తుంచుకుని, ఆ ప్రశ్న కూడా ఇప్పుడే అడగండి.

ప్రశ్న: ఫాఫ్సా అకౌంటే తెరుచుకోవడం లేదు. పేరు సరిపోలడం లేదంటోంది. నా భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, ఐటిన్ (పన్ను కోసం ఇచ్చే నంబరు) ఉంది. (ఒక పాఠకుడు, కేరీ, నార్త్ కరోలినా)

మన పేర్లతో వచ్చే చిక్కు ఇది. ఇంటిపేరు ముందుండటం, సర్టిఫికెట్లలో పొడి అక్షరాలుండటం, పాస్‌పోర్టులో రెండు పదాల పేరు ఒకే గడిలో పడటం. అకౌంట్‌లో రాసే పేరు, పుట్టిన తేదీ, నంబరు సోషల్ సెక్యూరిటీ ఆఫీసు రికార్డులతో సరిపోవాలి. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు పక్కన పెట్టి, సోషల్ సెక్యూరిటీ కార్డు ముందు పెట్టుకుని అందులో ఉన్నట్టే రాయండి. కార్డులోనే తప్పుంటే ముందు ఆ ఆఫీసులో దిద్దించుకోవాలి. దీనికి వారాలు పట్టవచ్చు, అందుకే గడువు వారంలో అకౌంట్ తెరవడం ప్రమాదం.

విద్యార్థికి ఒక అకౌంట్, తల్లికో తండ్రికో ఇంకొకటి కావాలి. పిల్లల ఇమెయిల్‌తో పెద్దల అకౌంట్ తెరవకండి, తర్వాత ఇద్దరూ లోపలికి వెళ్లలేరు. మీరిద్దరూ పన్ను కలిపి, అంటే జాయింట్‌గా, దాఖలు చేసి ఉంటే ఫారంలో ఒక్కరు పాల్గొంటే చాలు. మీ నంబరుతో మీరే నింపండి. విడివిడిగా దాఖలు చేసి ఉంటే మీ భార్య కూడా రావాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేనివారు కూడా అకౌంట్ తెరవవచ్చు.

పన్ను వివరాలను పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా తీసుకునేందుకు సమ్మతి అడుగుతారు. అక్కడ 'వద్దు' అంటే, అంకెలన్నీ చేత్తో రాసినా సరే, విద్యార్థికి ఫెడరల్ సాయం రాదు. 2026–27 ఫారానికి చూసేది 2024 పన్ను రిటర్ను.

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో ప్లాటు, ఊళ్లో కొంత పొలం ఉన్నాయి. మా అబ్బాయి పేరున చిన్నప్పుడు తెరిచిన కస్టోడియల్ అకౌంట్‌లో 10 వేల డాలర్లున్నాయి. ఇవి చూపించాలా? (ఒక పాఠకురాలు, సన్నీవేల్, కాలిఫోర్నియా)

చూపించాలి. ఆస్తి ఏ దేశంలో ఉందన్నది ఫాఫ్సాకు పట్టదు. మీరు నివసించే ఇల్లు తప్ప మీ పేరున ఉన్న స్థలాలు, ఇళ్లు, పొలం అన్నీ పెట్టుబడి కిందికే వస్తాయి. అత్తమామలు ఉంటున్న ఇల్లయినా మీ పేరున ఉంటే అంతే. తాతగారి పేరునే ఉన్న పొలం మీది కాదు, చూపనక్కర్లేదు. ఉమ్మడి ఆస్తి అయితే మీ వాటా వరకే. విలువ అంటే ఫారం నింపే రోజున అమ్మితే వచ్చే ధర. మన దగ్గర దస్తావేజులో రాసే విలువకూ మార్కెట్ ధరకూ పొంతన ఉండదు కదా, దస్తావేజు అంకె రాయకూడదు. దాని మీద బ్యాంకు అప్పుంటే తీసేయండి. ఎన్ఆర్‌ఈ డిపాజిట్లు కూడా లెక్కే. 401(కె), ఐఆర్‌ఏ వంటి రిటైర్మెంట్ ఖాతాల్లో ఉన్న సొమ్ము మాత్రం చూపనక్కర్లేదు.

దీనివల్ల ఎంత పడుతుందో చూడండి. తల్లిదండ్రుల ఆస్తిలో 12 శాతాన్ని ఆదాయంతో కలిపి, దానిపై గరిష్ఠంగా 47 శాతం లెక్కిస్తారు. అంటే మొత్తం మీద 5.64 శాతం. లక్షా 20 వేల డాలర్ల ప్లాటు మీ ఎస్‌ఏఐని, అంటే మీరు ఎంత భరించగలరని ప్రభుత్వం వేసే అంకెను, ఎక్కువలో ఎక్కువ 6,768 డాలర్లు పెంచుతుంది. ప్లాటు ఉందని ఎయిడే రాదనుకోవడం సరికాదు, దాచడం అంతకంటే సరికాదు. ఎఫ్‌బార్‌లో (విదేశీ ఖాతాల నివేదిక) భారత ఖాతాలు, పన్ను రిటర్నులో భారత వడ్డీ, అద్దె చూపించి ఇక్కడ చూపకపోతే కాలేజీ తనిఖీలో దొరుకుతుంది.

కస్టోడియల్ అకౌంట్ పిల్లవాడి ఆస్తి. దానిపై 20 శాతం, అంటే 10 వేలకు 2 వేలు. అదే సొమ్ము మీ పేరున ఉంటే 564 మించదు. ఫారం నింపకముందే దాన్ని అతని అవసరాలకే, అంటే కంప్యూటరుకో పరీక్ష ఫీజులకో, ఖర్చు చేయవచ్చు. మీ ఖాతాలోకి లాక్కోవడం మాత్రం చట్టానికి విరుద్ధం, అది అతని డబ్బు. తల్లిదండ్రులు తెరిచిన 529 (చదువు కోసం పొదుపు) ఖాతా మీ ఆస్తిగానే లెక్క. తాతయ్య, అమ్మమ్మ తెరిచిన 529 ఫాఫ్సాలోకి రాదు.

సీఎస్‌ఎస్ ప్రొఫైల్ ఇంకా లోతుకు వెళ్తుంది. మీరుండే ఇంటి విలువ, దానిపై అప్పు, కొన్న ఏడాది కూడా అడుగుతుంది. సన్నీవేల్‌లో ఇల్లున్నవారికి ఈ ఒక్క ప్రశ్నే కాలేజీకీ కాలేజీకీ సాయాన్ని మార్చేస్తుంది. కొన్ని కాలేజీలు ఇంటి విలువను అసలు లెక్కించవు, కొన్ని ఆదాయానికి ఇన్ని రెట్లని పరిమితి పెడతాయి, కొన్ని మొత్తం లెక్కిస్తాయి. కాలిఫోర్నియా ప్రభుత్వ యూనివర్సిటీలైన యూసీ, సీఎస్‌యూ క్యాంపస్‌లకు ప్రొఫైల్ అక్కర్లేదు, ఫాఫ్సా చాలు. యూసీ క్యాంపస్‌లను ఒక్కోదాన్నీ విడి కోడ్‌తో చేర్చండి. కాలిఫోర్నియా రాష్ట్ర సాయమైన కాల్ గ్రాంట్‌కు మార్చి 2 లోపు ఫాఫ్సాతో పాటు స్కూలు నుంచి జీపీఏ (మార్కుల సగటు) కూడా వెళ్లిందో లేదో కనుక్కోండి.

కిరాణా షాపో రెస్టారెంటో నడిపే కుటుంబాలకు ఒక మాట: వంద మంది లోపు ఉద్యోగులున్న సొంత కుటుంబ వ్యాపారం విలువను 2026–27 నుంచి ఫాఫ్సా మళ్లీ మినహాయించింది. ప్రొఫైల్ మాత్రం అడుగుతుంది.

ప్రశ్న: మాకు కవలలు. ఇద్దరూ ఒకేసారి కాలేజీకి వెళ్తే మేం కట్టాల్సింది సగం అవుతుందా? (ఒక పాఠకుడు, సువానీ, జార్జియా)

ఫాఫ్సాలో ఇప్పుడు కాదు. 2024–25 నుంచి ఆ భాగహారం ఎత్తేశారు. ఇద్దరికీ చెరొక ఫారం, చెరొక పూర్తి ఎస్‌ఏఐ. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ వాడే కాలేజీల్లో చాలావరకు ఇప్పటికీ తోబుట్టువు కాలేజీలో ఉంటే మీ వాటా తగ్గిస్తాయి. అందుకే కవలలున్న ఇంట్లో ఇద్దరి జాబితాల్లోనూ అలాంటివి రెండు మూడైనా ఉండటం మంచిది.

ప్రశ్న: అర్లీ డెసిషన్‌లో, అంటే సీటొస్తే తప్పక చేరతామని ఒప్పుకుని ముందుగా వేస్తే సీటు అవకాశం ఎక్కువంటున్నారు. ఎయిడ్ కావలసినవాళ్లు వేయవచ్చా? (ఒక పాఠకురాలు, ఆష్‌బర్న్, వర్జీనియా)

వేయవచ్చు, కానీ ఒకే ఒక్క అవార్డు లెటర్ చూసి నిర్ణయం తీసుకోవాల్సి వస్తుంది. పోల్చుకోవడానికి రెండోది ఉండదు. ముందుగా ఆ కాలేజీ సైటులోని నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో మీ అసలు అంకెలు వేసి చూడండి. ఫెడరల్ సాయం తీసుకునే ప్రతి కాలేజీకీ ఇది ఉండాలని 2011 నుంచి చట్టం ఉంది. అక్కడ వచ్చిన మొత్తం మీరు నాలుగేళ్లు కట్టగలిగినదైతేనే వేయండి. అంకె వచ్చిన పేజీని తేదీతో సహా దాచుకోండి. సీటొచ్చాక సాయం చాలకపోతే ఒప్పందం నుంచి బయటపడే వీలుంది. అలా అడిగేటప్పుడు ఆ పేజీ మీ చేతిలో ఆధారం. దరఖాస్తు నవంబరు మొదట్లోనే కాబట్టి ప్రొఫైల్ కూడా ఆ నెలలోనే పూర్తి కావాలి. మెరిట్ స్కాలర్‌షిప్‌లు పోల్చి ఎంచుకోవాలనుకునే కుటుంబానికి అర్లీ డెసిషన్ మేం సిఫార్సు చేయం. ఐవీ లీగ్ కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, అక్కడ ఉన్నదంతా అవసరాన్ని బట్టి ఇచ్చే సాయమే.

ప్రశ్న: ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నాను. అమెరికాలో బ్యాచిలర్స్‌కు ఆరు కాలేజీలకు ఎయిడ్‌తో అప్లై చేయాలనుంది. ఫాఫ్సా నాకు వర్తిస్తుందా? (ఒక విద్యార్థి, కూకట్‌పల్లి, హైదరాబాద్)

ఫాఫ్సా మీకు వర్తించదు, దాని జోలికి వెళ్లకండి. మీకు ఉన్నవి కాలేజీల సొంత నిధులే. ప్రభుత్వ యూనివర్సిటీలు విదేశీ విద్యార్థులకు అవసరాన్ని బట్టి సాయం ఇవ్వడం అరుదు, కాబట్టి మీ ఆరూ ప్రైవేటు కాలేజీలై ఉండాలి, లేదా మంచి మెరిట్ స్కాలర్‌షిప్ ఉన్నవి కావాలి. పైన ఫ్రిస్కో పాఠకుడికి చెప్పినలాంటి కాలేజీల్లో తప్ప, దాదాపు అన్నిచోట్లా ఎంత సాయం అడుగుతున్నారో చూసి సీటు తేలుస్తారు. అలా అని ఇప్పుడు అడక్కుండా చేరి, తర్వాత అడుగుదామనుకోకండి. మొదట అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లూ సాయం ఇవ్వని కాలేజీలు చాలా ఉన్నాయి.

ప్రొఫైల్‌లో మీ కుటుంబ అంకెలు రూపాయల్లోనే రాయాలి, మార్పిడి వాళ్లు చేస్తారు. నాన్నగారి ఫారం 16, ఐటీ రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకోండి. వ్యవసాయమే ఆధారమై రిటర్ను వేయకపోతే ఆ విషయం రాతపూర్వకంగా చెప్పే కాగితం అడుగుతారు. ఫీజు భారమైతే ప్రొఫైల్ మినహాయింపు కోడ్ ఉందా అని ఒక్కో కాలేజీనీ అడగండి. కొన్ని కాలేజీలు ప్రొఫైల్ బదులు తమ సొంత ఉచిత ఫారం తీసుకుంటాయి. సీటొచ్చాక ఐ-20 (విద్యార్థి వీసాకు కాలేజీ ఇచ్చే పత్రం) కోసం, సాయం పోను మిగిలే మొదటి ఏడాది ఖర్చుకు డబ్బు ఉన్నట్టు చూపాలి. సాయం అడిగేటప్పుడు 'మా కుటుంబం ఏటా ఇంత కట్టగలదు' అని రాసిన అంకెకు ఈ కాగితాలు సరిపోవాలి.

ప్రశ్న: మూడు అవార్డు లెటర్లు వచ్చాయి. ఒకటి 'మొత్తం ఎయిడ్ 66,500' అంటోంది, ఇంకోటి 47,500, మూడోది 10,500. మొదటిదే మంచిదా? (ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయి)

'మొత్తం ఎయిడ్' అన్న వరుసను కాగితంతో కప్పేయండి. అందులో తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు, వడ్డీతో కట్టాల్సిన అప్పు, పిల్లలు పనిచేస్తేనే వచ్చే జీతం అన్నీ కలిపేసి ఉంటాయి. ఒక కాగితం మీద మీరే మళ్లీ రాయండి: ముందు ఏడాది మొత్తం ఖర్చు, అంటే ట్యూషన్, ఫీజులు, గది, భోజనం, పుస్తకాలు, ప్రయాణం. దాని నుంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు మాత్రమే తీసేయండి. మిగిలింది అసలు ధర.

మీ లెటర్ల లెక్క చూద్దాం. మొదటి ప్రైవేటు కాలేజీ ఖర్చు 89 వేలు, గ్రాంటు 58 వేలు, స్టూడెంట్ లోన్ 5,500, వర్క్‌స్టడీ 3 వేలు. అసలు ధర 31 వేలు. రెండోది బయటి రాష్ట్రపు యూనివర్సిటీ: ఖర్చు 56 వేలు, మెరిట్ 22 వేలు, స్టూడెంట్ లోన్ 5,500, పేరెంట్ ప్లస్ 20 వేలు. 'మీరు కట్టాల్సింది 8,500' అని కింద రాశారు, కానీ అసలు ధర 34 వేలు. మూడోది మీ రాష్ట్ర యూనివర్సిటీ: ఖర్చు 33 వేలు, గ్రాంటు 5 వేలు, లోన్ 5,500. అసలు ధర 28 వేలు. అతి తక్కువ 'ఎయిడ్' ఇచ్చినదే అన్నిటికంటే చవక. మొదటిదానికీ దీనికీ తేడా ఏడాదికి 3 వేలే కాబట్టి, ఆ రెంటి మధ్య చదువు చూసి ఎంచుకోవచ్చు.

నాలుగేళ్లకు వేస్తే, ఫీజులు పెరగవనుకున్నా, మూడోది లక్షా 12 వేలు, మొదటిది లక్షా 24 వేలు, రెండోది లక్షా 36 వేలు. ఆ రెండోదానిలోనే గుచ్చుకునే ముల్లు ఉంది. మెరిట్ కొనసాగాలంటే ఎంత జీపీఏ ఉండాలో లెటర్‌లోనో, దాని వెనక నిబంధనల్లోనో ఉంటుంది. 3.0 అడిగేవి ఉన్నాయి, అంతకంటే ఎక్కువ అడిగేవీ ఉన్నాయి. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో కాలిక్యులస్, కెమిస్ట్రీ కలిసి జీపీఏను కిందికి లాగడం అసాధారణమేమీ కాదు. మొదటి ఏడాది తర్వాత ఆ స్కాలర్‌షిప్ పోతే మూడేళ్లలో 66 వేలు అదనంగా పడతాయి, మొత్తం రెండు లక్షలు దాటుతుంది. ఒకసారి పోతే మళ్లీ జీపీఏ పెంచుకుంటే తిరిగి ఇస్తారా, మొదటి సెమిస్టరు చూసి తీసేస్తారా, ఏడాది చివర చూస్తారా అన్నది తప్పక అడగండి.

లోన్ల సంగతి. పిల్లల పేరున ఫెడరల్ లోన్ మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆపైన ఏడాదికి 7,500, మొత్తం 31 వేలు మించదు. ఏ కాలేజీలోనైనా ఇదే పరిమితి, కనుక దీన్ని ఏ కాలేజీ ఉదారతగానూ లెక్కించకండి. అందులో 'సబ్సిడైజ్డ్' అన్న భాగానికి చదువుకునేటప్పుడు వడ్డీ పడదు, 'అన్‌సబ్సిడైజ్డ్'కు మొదటి రోజు నుంచే పడుతుంది. పేరెంట్ ప్లస్ మీ అప్పు, పిల్లలది కాదు. 4 శాతానికి పైగా ఫీజు ముందే కోసుకుని ఇస్తారు. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు పరిమితి పెట్టారు. ఏడాదికి 20 వేల చొప్పున తీసుకుంటే నాలుగో ఏడాదికి 5 వేలే మిగులుతుంది. ఆ లోన్ మీద ఆధారపడి రెండో కాలేజీ ఎంచుకునేవారు ఈ లెక్క ఇప్పుడే చూసుకోవాలి.

వర్క్‌స్టడీ బిల్లులోంచి తగ్గదు. పని దొరికి, చేసిన గంటలకు జీతంగా పిల్లల చేతికొస్తుంది. ఆగస్టు బిల్లు కట్టేటప్పుడు దాన్ని లెక్కలో పెట్టుకోకూడదు. బిల్లులో కాలేజీ ఆరోగ్య బీమా కూడా వేస్తారు. మీ కుటుంబ బీమాలో పిల్లలుంటే, కాలేజీ చెప్పిన గడువులోగా మాఫీ ఫారం నింపి తీయించుకోవచ్చు. అది వేల డాలర్లలో ఉంటుంది, గడువు దాటితే తిరిగి రాదు.

ప్రశ్న: 2024లో ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ జీతంలో భాగంగా ఇచ్చిన షేర్లు) అమ్మడం వల్ల ఆదాయం బాగా కనిపిస్తోంది. 2025లో ఉద్యోగం పోయింది. ఫారంలో ఇప్పటి ఆదాయం రాయవచ్చా? నాలుగు కాలేజీలు చూస్తున్నాం. (ఒక పాఠకుడు, బెల్‌వ్యూ, వాషింగ్టన్)

ఫారంలో రాయకూడదు, 2024 అంకెలే ఉండనివ్వండి. ముందు ఫారం పంపి, తర్వాత ప్రతి కాలేజీ ఎయిడ్ ఆఫీసునూ పునఃపరిశీలన అడగాలి. చట్టం ఆ అధికారాన్ని ఎయిడ్ ఆఫీసర్లకే ఇచ్చింది, దీన్ని ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. ఒక కాలేజీ ఒప్పుకుంటే మిగతావి ఒప్పుకోవాలని లేదు, ఒకటి కాదంటే అన్నీ కాదంటాయనీ లేదు. నాలుగు కాలేజీలకు నాలుగు అభ్యర్థనలు, నాలుగు ఫారాలు.

కాగితాలు మాత్రం ఒకసారి సిద్ధం చేసుకోండి. ఉద్యోగం పోయిన తేదీతో కంపెనీ ఇచ్చిన లెటర్, ఆఖరి పే స్టబ్, సెవరెన్స్ ఎంతో చెప్పే కాగితం, నిరుద్యోగ భృతి స్టేట్‌మెంటు, 2025 డబ్ల్యూ-2, రాబోయే పన్నెండు నెలల్లో ఇంట్లోకి వచ్చే ఆదాయం నెలవారీగా రాసిన ఒక పేజీ. ఆర్‌ఎస్‌యూ సంగతి విడిగా రాయండి: 2024 డబ్ల్యూ-2లో ఎంత జీతం, ఎంత షేర్లు, ఆ షేర్ల సొమ్ము ఏమైంది. ఇంటి అప్పు తీర్చి ఉంటే ఆ రసీదు. బ్యాంకులోనే ఉంటే అది ఆస్తిగా ఎలాగూ కనిపిస్తుంది, దాచి మాట్లాడితే మొత్తం అభ్యర్థన మీదే నమ్మకం పోతుంది. ఉత్తరం ఒక పేజీ దాటనక్కర్లేదు. కష్టం వర్ణించడం కంటే తేదీలు, అంకెలు పని చేస్తాయి.

దీనికంటే వేరైన అభ్యర్థన ఇంకొకటి ఉంది. ఒకే స్థాయి కాలేజీ ఎక్కువ గ్రాంటు ఇస్తే, ఆ లెటర్ పీడీఎఫ్ జతచేసి 'మా అమ్మాయి మొదటి ఎంపిక మీదే, తేడా ఏడాదికి ఇంత, మరోసారి చూడగలరా' అని మర్యాదగా అడగవచ్చు. కొన్ని ప్రైవేటు కాలేజీలు చూస్తాయి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో దీనికి వీలు తక్కువ. పోల్చేది గ్రాంటుతో గ్రాంటునే. అవతలి కాలేజీ ఇచ్చిన లోన్ చూపించి అడిగితే ప్రయోజనం లేదు.

ఎక్కువ కాలేజీలు మే 1 లోగా సీటు ఖరారు చేయమంటాయి. లెటర్ అందిన వారంలోనే అభ్యర్థన పంపితే ఆలోగా జవాబు రావచ్చు, ఏప్రిల్ ఆఖర్లో పంపితే రాదు. జవాబు ఆలస్యమయ్యేలా ఉంటే, డిపాజిట్ గడువు పొడిగించమని అడ్మిషన్ల ఆఫీసుకు మే 1కి ముందే ఇమెయిల్ రాసి, వాళ్ల సమ్మతిని రాతలో తీసుకోండి. రెండు చోట్ల డిపాజిట్ కట్టి చూద్దామనుకోవద్దు. అది ఒప్పంద ఉల్లంఘన, ఆ సంగతి తెలిస్తే కాలేజీ సీటు వెనక్కి తీసుకోవచ్చు.